మా అమ్మకు 2,016, పిన్నికి 4,000. ఎందుకింత తేడా?

మధిర అబ్బాయి:
మాది ఖమ్మం జిల్లా మధిర పక్కన పల్లెటూరు. అమ్మకు తెలంగాణ ఆసరా పింఛను కింద నెలకు 2,016 రూపాయలు వస్తుంది, అదీ ఒక్కో నెల ఒక్కో తారీఖున. పిన్నిని తిరువూరు ఇచ్చారు, అంటే ఆంధ్ర. ఆమెకు ఒకటో తారీఖు పొద్దున్నే గ్రామ సచివాలయం వాళ్లు ఇంటికొచ్చి వేలిముద్ర వేయించుకుని 4,000 చేతిలో పెట్టి పోతారు. ఇద్దరిదీ వృద్ధాప్య పింఛనే, ఇద్దరికీ 65 దాటాయి. తమ్ముడికి పోలియో, వాడికి 4,016 ఇస్తున్నారు, అక్కడైతే 6,000 అట. కేంద్రం అందరికీ ఒకేలా ఇవ్వదా? ఆధార్‌లో పిన్ని వాళ్ల అడ్రస్ పెట్టేస్తే పని అవుతుందా?

లెక్కల మాస్టారు:
కేంద్రం ఒకేలానే ఇస్తుంది బాబూ, ఎంతో వింటే నవ్వొస్తుంది. వృద్ధులకు 79 ఏళ్ల దాకా 200, 80 నిండితే 500. దివ్యాంగులకు 300, అదీ వైకల్యం 80 శాతం ఉండి దారిద్ర్యరేఖకు దిగువన ఉంటేనే. మిగతాదంతా రాష్ట్రాల సొమ్ము, కాబట్టి ఎన్నికల హామీని బట్టి పెరుగుతుంది. ఆంధ్రలో 2024 ఎన్నికలయ్యాక 3,000ను 4,000 చేశారు, పెంపు ఏప్రిల్ నుంచే లెక్కగట్టి జూలై 1న ఒకేసారి 7,000 పంచారు. మీ దగ్గర 2023లో కాంగ్రెస్ కూడా 4,000, 6,000 అనే చెప్పింది. అడగాల్సింది వాళ్లను.

తిరువూరు వాణ్ణి:
ఆధార్ మార్చినంత మాత్రాన ఏం కాదు అన్నా. ఇక్కడ రేషన్ కార్డు ఉండాలి, సచివాలయంలో హౌస్‌హోల్డ్ మ్యాపింగ్‌లో, అంటే ఏ ఇంట్లో ఎవరున్నారో రాసుకునే లెక్కలో, పేరు ఎక్కాలి, అది ఎక్కాలంటే నిజంగా ఇక్కడ కాపురం ఉండాలి. రెండు చోట్లా తీసుకుందామంటే ఆధార్ నంబర్ దగ్గరే దొరికిపోతారు, ఉన్నదీ పోతుంది.

ఇంకోటి, ఇక్కడంతా హాయిగా ఉందనుకోకండి. 2025లో దివ్యాంగుల సర్టిఫికెట్లు మళ్లీ తనిఖీ చేశారు, 40 శాతం కంటే తక్కువ తేలితే పింఛనుకు అనర్హులని నోటీసులిచ్చారు. మా బాబాయికీ వచ్చింది, ఎంత టెన్షన్ పడ్డామో. అప్పీలు పెట్టి మళ్లీ డాక్టర్లకు చూపించుకోవాల్సి వచ్చింది, నడవలేని మనిషిని ఆటోలో వేసుకుని తిరగడం మామూలు బాధ కాదు. మీ తమ్ముడి సదరం కాగితం, అదే వైకల్యం ఎంత శాతమో చెప్పే సర్టిఫికెట్, ఒరిజినల్ భద్రంగా పెట్టుకోండి, జిరాక్సులు కూడా.

మధిర అబ్బాయి:
థాంక్స్. అడ్రస్ సంగతి వదిలేశా. మా నాన్నకు 58 వచ్చాయి, ఆయనకు అక్కడ వస్తుందేమో అనుకున్నా.

లెక్కల మాస్టారు:
అక్కడ అందరికీ 60 నిండాలి, గిరిజనులకైతే 50. 57కే అర్హత అంటున్నది మీ తెలంగాణే. కానీ ఇంట్లో అమ్మకు వృద్ధాప్య పింఛను వస్తోంది కదా, ఇంటికి ఒక్కటే ఇస్తారు. తమ్ముడిది ఆ లెక్కలోకి రాదు.