వుడ్‌వర్డ్ పార్క్ మార్చాలా, ఉంచాలా? అమ్మాయిల స్టేట్ క్రాస్ కంట్రీ: అంచనాలు, వేదిక గొడవ

ఫ్రీమాంట్_నాన్న
కాలిఫోర్నియా హైస్కూల్ క్రాస్ కంట్రీ (గడ్డి, మట్టి, గుట్టల మీద పరుగు పందెం) స్టేట్ మీట్ 1987 నుంచీ ఫ్రెస్నోలోని వుడ్‌వర్డ్ పార్క్‌లోనే జరుగుతోంది. నవంబరులో గురువారం వచ్చే థాంక్స్‌గివింగ్ పండగ మర్నాడు కాక ఆ పైరోజు, శనివారం. ఐదు డివిజన్లు (స్కూళ్ళ వర్గాలు), అమ్మాయిలకు ఐదు రేసులు, అబ్బాయిలకు ఐదు, అన్నీ 5 కిలోమీటర్లే. ప్రతి నవంబరులోనూ మనవాళ్ళ గ్రూపుల్లో రెండే వాదనలు: ఈసారి ఏ జట్టు గెలుస్తుంది, ఈ మీట్ ఎప్పుడూ ఫ్రెస్నోలోనే ఎందుకు. న్యూయార్క్‌లో వేదికని సెక్షన్ల (రాష్ట్రంలోని ప్రాంతీయ విభాగాల) మధ్య తిప్పుతారు. ఇక్కడా తిప్పాలనే నా మాట. ఫ్రెస్నో, పక్క ఊరు క్లోవిస్ స్కూళ్ళకి ఆ పార్కు పెరటి దొడ్డి. మిగతా తొమ్మిది సెక్షన్ల పిల్లలకి అది పరాయి నేల.

లెక్కల_మాస్టారు
తిప్పితే మీ మొదటి ప్రశ్నకి జవాబే ఉండదండీ. క్రాస్ కంట్రీలో టైము ఒక్కటే చెబితే అర్థం లేదు, ఏ కోర్సులో (పరుగు దారిలో) పరిగెత్తారో కూడా చెప్పాలి. దక్షిణాన మౌంట్ శాక్ కాలేజీ కోర్సు 2.93 మైళ్ళు. బెల్మాంట్‌లో క్రిస్టల్ స్ప్రింగ్స్ 2.95. వుడ్‌వర్డ్ 3.1 పైచిలుకు, అంటే 5 కిలోమీటర్లు. మైలుకి 6 నిమిషాల వేగంతో పరిగెత్తే అమ్మాయికి క్రిస్టల్ స్ప్రింగ్స్‌లో 17:42 వస్తే, దూరం తేడా ఒక్కదానికే 56 సెకన్లు కలపాలి. అంటే 18:38. గుట్టలు, దుమ్ము, ఎండ సంగతి ఆ తర్వాత.

అక్టోబరులో వుడ్‌వర్డ్‌లోనే క్లోవిస్ ఇన్విటేషనల్ (ఆహ్వాన పోటీ) జరుగుతుంది. స్టేట్ మీట్ కోర్సు మీద అదే సీజన్లో టైములు దొరికే చోటు అది. వేదిక స్థిరంగా ఉంది కాబట్టే ఈ కొలబద్ద మనకుంది.

సాన్‌డియాగో_సుధ
మౌంట్ శాక్‌కి మీ లెక్క పనికిరాదు మాస్టారూ. దూరం తేడాకి 64 సెకన్లు కలుపుతారు, సరే. కానీ అక్కడ స్విచ్‌బ్యాక్స్, పూప్ అవుట్ హిల్, రిజర్వాయర్ హిల్ ఉన్నాయి. ఆ గుట్టలకి పోయిన సెకన్లు వుడ్‌వర్డ్‌లో తిరిగొస్తాయి. 64 మొత్తం కలిపితే సదరన్ సెక్షన్ అమ్మాయిలందరినీ తక్కువ అంచనా వేసినట్టే.

లెక్కల_మాస్టారు
నిజమే సుధగారూ, అక్కడ దూరం లెక్క ఒక్కటే సరిపోదు. సరైన పద్ధతి చెబుతాను. రెండు చోట్లా పరిగెత్తిన అమ్మాయిల్ని ఏరండి, 20 మంది దొరికితే చాలు. ఒక్కొక్కరి తేడా రాసి, చిన్నదాని నుంచి పెద్దదాకా పేర్చి మధ్యది తీసుకోండి. సగటు వద్దు. ఒక్కమ్మాయి జ్వరంతో నడిచినా సగటు చెడిపోతుంది, మధ్య విలువ చెడదు. ముందువరుస అమ్మాయిలకి ఒకటి, 20 నిమిషాలు దాటేవాళ్ళకి ఒకటి విడివిడిగా తీయండి. గుట్ట మీద వెనకవాళ్ళు పోగొట్టుకునే సెకన్లు ఎక్కువ.

ఫ్రీమాంట్_నాన్న
ఇంత కష్టం ఎందుకు? ర్యాంకింగులో మా జట్టు మొదటి నలుగురూ టాప్‌లో ఉన్నారు. అది చాలదా?

లెక్కల_మాస్టారు
చాలదు. పొరపాటంతా అక్కడే జరుగుతుంది. జట్టులో ఏడుగురు పరిగెత్తుతారు, ఐదుగురి స్థానాలు కలుపుతారు, తక్కువ మొత్తం వచ్చిన జట్టుది గెలుపు. జట్టు లేకుండా ఒంటరిగా అర్హత పొంది వచ్చిన అమ్మాయిల్ని ముందు తీసేసి స్థానాలు మళ్ళీ లెక్కించాలి. చాలామంది ఇది మర్చిపోయి తప్పు మొత్తాలు వేస్తారు. ఊహ లెక్క ఒకటి చూడండి:

మొదటి జట్టు: 2, 9, 24, 31, 88. మొత్తం 154.
రెండో జట్టు: 18, 22, 27, 35, 41. మొత్తం 143.

నాలుగో అమ్మాయి వరకు మొదటి జట్టుకి 66, రెండోదానికి 102. ఇంటికెళ్ళి పాయసం వండుకోవచ్చు అనిపిస్తుంది. ఐదో అమ్మాయి వచ్చేసరికి తలకిందులు. రేసు మధ్య భాగంలో జనం ఒత్తుగా ఉంటారు కాబట్టి 20 సెకన్లకి పాతిక స్థానాలు మారిపోవచ్చు. ఆ ఐదో అమ్మాయి 88 బదులు 63లో వస్తే మొత్తం 129, గెలుపు మళ్ళీ మొదటి జట్టుదే. అదే 20 సెకన్లు ముందున్న అమ్మాయి మెరుగుపరుచుకుంటే కలిసొచ్చేది ఒక్క పాయింటే. రెండో స్థానం నుంచి మొదటిదానికి, అంతే.

ఆరు, ఏడో అమ్మాయిలకి పాయింట్లు లేవు గానీ అవతలి జట్టు ఐదో అమ్మాయి కంటే ముందొస్తే ఆమెని ఒక్కో స్థానం వెనక్కి నెడతారు. మొత్తాలు సమానమైతే ఆరో అమ్మాయి స్థానమే తేలుస్తుంది.

కొండదారి
అంచనాకి సీజన్ బెస్ట్ (ఆ సీజన్లో అన్నిటికంటే మంచి టైము) వాడకండి. సెప్టెంబరులో చదునైన కోర్సులో ఒక్కసారి వచ్చిన టైము అది. అక్టోబరు తర్వాతి మూడు రేసుల్లో మధ్యది తీసుకోండి. అమ్మాయిల విషయంలో ఇది మరీ ముఖ్యం. ఎదిగే వయసులో ఒంటి తీరు మారుతుంది, ఏడాదిలో 40 సెకన్లు ఇటూ అటూ పోవడం వింత కాదు. అటు తొమ్మిదో తరగతి పిల్ల నేరుగా వచ్చి అందర్నీ దాటేయనూవచ్చు. జోర్డన్ హసే 2005లో తొమ్మిదో తరగతిలోనే ఫుట్ లాకర్ జాతీయ పోటీ గెలిచింది, మళ్ళీ గెలిచింది 2008లో. మధ్యలో రెండేళ్ళూ విజేతలు వేరే. సిమీ వ్యాలీ సారా బాక్స్‌టర్ మాత్రం 2011, 2012 వరసగా మరో జాతీయ పోటీ నైకీ క్రాస్ నేషనల్స్ గెలిచింది. ఇద్దరూ కాలిఫోర్నియా పిల్లలే. నిరుటి ఫలితం చూసి ఈ ఏడు జోస్యం చెప్పేవాళ్ళు ఈ రెండూ పక్కపక్కన పెట్టుకోవాలి.

డాక్టరమ్మ_శాక్రమెంటో
నవంబరులో అంచనా తప్పడానికి ఇంకో కారణం రక్తంలో ఉంటుంది. మన ఇళ్ళల్లో శాకాహారం తినే, నెలసరి మొదలైన అమ్మాయి వారానికి 30 మైళ్ళు పరిగెత్తితే ఐరన్ నిల్వలు తగ్గే అవకాశం బాగా ఎక్కువ. హీమోగ్లోబిన్ ఒక్కటీ చూసి బాగుందని వదిలేస్తారు. ఐరన్ నిల్వలు చూపే ఫెరిటిన్ పరీక్ష కూడా అడిగి చేయించండి. హీమోగ్లోబిన్ సరిగ్గా ఉన్నా అది అడుగంటి ఉండొచ్చు. చూడాల్సింది ఆగస్టులో, ఎందుకంటే డాక్టరు మాత్రలు రాసినా నిల్వలు నిండడానికి నెలలు పడుతుంది. మాత్ర టీతో, పాలతో వద్దు, నిమ్మరసంతో మంచిది. నెలసరి మూడు నెలలు ఆగిపోతే అది ట్రైనింగ్ గొప్పతనం కాదు, తిండి చాలడం లేదని. ఎముకలో పగుళ్ళు ఆ దారినే వస్తాయి.

సాన్‌డియాగో_సుధ
వేదిక సంగతికి రండి. మాకు ఫ్రెస్నో 340 మైళ్ళు. థాంక్స్‌గివింగ్ వారం లాస్ ఏంజెలెస్ దాటడమే ఒక యజ్ఞం, ఆ పైన గ్రేప్‌వైన్ కనుమలో మంచు పడితే ఐ-5 హైవే మూసేస్తారు. మా ఊళ్ళో బల్బోవా పార్క్, మోర్లీ ఫీల్డ్ ఉన్నాయి. ఫుట్ లాకర్ జాతీయ ఫైనల్స్ ఏళ్ళ తరబడి అక్కడ జరగలేదా? దేశానికి పనికొచ్చిన చోటు రాష్ట్రానికి పనికిరాదా?

గోదారి_గట్టు
ఆ ఫైనల్స్‌లో అమ్మాయిల రేసుకి 40 మంది, అబ్బాయిల రేసుకి 40 మంది అండీ. స్టేట్ మీట్‌లో ఒక్కో రేసుకే సుమారు 200 మంది, రోజులో పది రేసులు. జట్టుకొక బాక్సు (నిలబడే గడి) చొప్పున పాతిక బాక్సులు పట్టే స్టార్ట్ లైను కావాలి. ఆ గుంపు సర్దుకునేదాకా దారి ఇరుకు కాకూడదు. లేకపోతే మొదటి మలుపులోనే మోచేతులు, పడిపోవడాలు. ముగింపు దగ్గర ఒక రేసు జనం బయటికి వెళ్ళేలోపు తర్వాతి రేసు మొదలవుతుంది. పైగా పది రేసుల స్పైకులు (రేసు బూట్ల అడుగు ముళ్ళు) తొక్కాక కూడా నిలిచే నేల కావాలి.

ఫ్రీమాంట్_నాన్న
అంటే ఫ్రెస్నోకి ఏ లోపమూ లేదంటారా?

గోదారి_గట్టు
ఎందుకు లేదు? ఉన్నది పొగమంచు. వాన పడ్డ మర్నాడు ఆకాశం తేలి, గాలి ఆగితే సెంట్రల్ వ్యాలీలో టూలీ ఫాగ్ దిగుతుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా దాని కాలం. 2007 నవంబరు 3న ఫ్రెస్నో దగ్గర హైవే 99 మీద ఆ పొగమంచులోనే వందకు పైగా వాహనాలు గుద్దుకుని ఇద్దరు చనిపోయారు. అందుకే శనివారం తెల్లవారుజామున బయల్దేరి వద్దామనుకోకండి. రేసు మీకు రెండున్నర గంటల దూరమే అయినా సరే, శుక్రవారం పగలే వచ్చేయండి. ఇక అడవి మంటల పొగ ఉంటే గాలి నాణ్యత సూచీ (AQI) 150 దాటాక అందరికీ చెడ్డదే, ఉబ్బసం ఉన్న పిల్లలకి 101 నుంచే.

లెక్కల_మాస్టారు
హోమ్ గ్రౌండ్ అనుకూలత గురించి ఒక్క మాట. తిప్పితే అది పోదు, చేతులు మారుతుంది. మౌంట్ శాక్‌లో పెడితే ఏటా అక్కడే సెక్షన్ ఫైనల్స్ ఆడే సదరన్ సెక్షన్‌కి పండగ. రాష్ట్రంలో అన్నిటికంటే పెద్ద సెక్షన్ అది. ఫ్రెస్నో వాళ్ళకున్న లాభం అక్టోబరు ఇన్విటేషనల్‌కి వచ్చిన జట్లకి సగం దొరుకుతుంది. స్టేట్ మీట్లు ఇల్లినాయ్‌కి డెట్‌వైలర్ పార్క్‌లో, ఇండియానాకి టెర్రె హాట్‌లో, టెక్సస్‌కి రౌండ్ రాక్‌లో స్థిరపడ్డాయి. ఒహాయో 2020లో ఫోర్ట్రెస్ ఒబెట్జ్ అనే వేదికకి మారింది గానీ అది తిప్పడం కాదు, ఇల్లు మారడం. పాత టైములతో పోలిక అక్కడ తెగిపోయింది.

గుంటూరు_ట్రాక్
ఇండియా నుంచి ఓ మాట. మా జాతీయ క్రాస్ కంట్రీ ఏటా ఊరు మారుతుంది. 2024లో గయ, 2025లో మీరట్. టైములు పోల్చే అలవాటే లేదిక్కడ, ఎవరు ముందొచ్చారన్నదే లెక్క. పిల్లలకి ఒక రకంగా అదే మేలు, గడియారం చూడకుండా పక్కవాళ్ళని చూసి పరిగెత్తడం నేర్చుకుంటారు.

సాన్‌డియాగో_సుధ
ఇది బాగా చెప్పారు. క్రాస్ కంట్రీని ట్రాక్ పరుగులా మార్చేశాం మనం.

కొండదారి
అయినా ఐదు డివిజన్ల అమ్మాయిల్ని ఒకే జాబితాలో పెట్టి చూడాలంటే ఒకే నేల, ఒకే రోజు కావాలి. అక్కడా జాగ్రత్త: తొలి రేసుకి గడ్డి మంచుతో తడిసి జారుతుంది, చివరి రేసుకి ఆరి, తొక్కుడుపడి దుమ్ము లేస్తుంది. డివిజన్ల మధ్య నాలుగైదు సెకన్ల తేడాకి అర్థం వెతకొద్దు. స్పైకులు రెండు సైజులూ పెట్టుకోండి, తడికి 9 మిల్లీమీటర్లు, పొడికి 6. వాటిని బిగించే రెంచి మర్చిపోయి శుక్రవారం రాత్రి ఊరంతా వెతికేవాళ్ళు ప్రతి ఏడూ ఉంటారు.

డాక్టరమ్మ_శాక్రమెంటో
అసలు గొడవ పార్కుతో కాదనిపిస్తోంది, తేదీతో. గురువారం పండగ, హోటలు ధరలు ఆకాశంలో, రెస్టారెంట్లు మూత. ఒక వారం ముందుకి జరిపితే సగం ఫిర్యాదులు పోతాయి. ఆ లోపు మనం చేయగలిగింది: చిన్న రైస్ కుక్కర్, పెరుగు వెంట తెచ్చుకోండి. రేసుకి మూడు గంటల ముందు రోజూ తినేదే తినిపించండి. హోటలు వాళ్ళు ఇచ్చే కొత్త రకాలు ఆ పొద్దున వద్దు.

ఫ్రీమాంట్_నాన్న
తేదీ ముందుకి జరిపితే సెక్షన్ ఫైనల్స్ కూడా ముందుకి జరపాలి, వాటికంటే ముందుండే లీగ్ ఫైనల్స్ కూడా. సీజన్ ఆగస్టు ఎండల్లో మొదలుపెట్టాలి. ఒప్పుకుంటారా మీ శాక్రమెంటో వాళ్ళు? తిప్పాలన్న నా మాట మీదే ఉన్నాను. మాస్టారూ, ఆ ఒంటరి అమ్మాయిల్ని తీసేసి మా డివిజన్ మొత్తాలు మళ్ళీ వేశాను. మేం మొదటి నుంచి నాలుగుకి పడ్డాం. ఐదో అమ్మాయి స్థానం 71.

లెక్కల_మాస్టారు
ఆరో అమ్మాయి ఎంత వెనక ఉందో చూడండి. పది సెకన్లలోపు ఉంటే నాలుగు కాదు, రెండు కూడా కావచ్చు. ఐదో అమ్మాయి తడబడితే ఆమె స్థానంలో ఆరో అమ్మాయే లెక్కలోకి వస్తుంది.