‘ఇంటచబుల్స్’లో ఫిలిప్, ద్రిస్‌ల మధ్య ఉన్నది స్నేహమేనా, కొలువేనా?

ప్రశ్న

ఇటీవల ‘ఊపిరి’ మళ్ళీ చూశాక, దానికి మూలమైన ఫ్రెంచి చిత్రం ‘ఇంటచబుల్స్’ను ఉపశీర్షికలతో మొదటిసారి చూశాను. 2011 నవంబరులో ఫ్రాన్సులో విడుదలైన ఈ చిత్రానికి ఎరిక్ తొలెదానో, ఒలివియే నకాష్ దర్శకులు. పారాగ్లైడింగ్ ప్రమాదంలో మెడ కింది నుంచి శరీరమంతా చచ్చుబడిన సంపన్నుడు ఫిలిప్‌గా ఫ్రాన్సువా క్లూజే, అతని సంరక్షకుడిగా చేరిన ద్రిస్‌గా ఒమర్ సీ నటించారు. నటన గురించి నాకు ఎటువంటి ఫిర్యాదూ లేదు. ముఖం తప్ప మరే అవయవాన్నీ కదపకుండా క్లూజే నవ్వును, నొప్పిని, సిగ్గును చూపిన తీరు చాలా రోజులు గుర్తుండిపోతుంది.

నా సందేహం కథ మూలం గురించి. ద్రిస్ ఆ భవనానికి ఉద్యోగం కోసం రాలేదు. ఉద్యోగం అడిగినా దొరకలేదని కాగితం మీద సంతకం పెట్టించుకుంటే ప్రభుత్వం ఇచ్చే నిరుద్యోగ భృతి ఆగకుండా వస్తుందని వచ్చాడు. ఫిలిప్ అతనికి ఆ సంతకంతో పాటు నెల రోజుల కొలువు కూడా ఇచ్చాడు. అక్కడి నుంచి కథ ఎంత ఉల్లాసంగా నడిచినా ఒకరు జీతం ఇచ్చేవారు, మరొకరు పుచ్చుకునేవారు అన్న సంగతి మారలేదు కదా. పేదవాడు తన చలాకీతనంతో ధనవంతుడి జీవితంలో వెలుగు నింపే కథలు మనం ఎన్నో చూశాం, వాటిలో పేదవాడికి దక్కేది సాధారణంగా మెచ్చుకోలు మాత్రమే. ఈ చిత్రాన్ని ఇష్టపడే మిత్రులు, వీరిద్దరి మధ్య ఉన్నది స్నేహమే అనడానికి చిత్రంలో ఆధారం ఎక్కడ ఉందో చెప్పగలరా?

మొదటి జవాబు

మీరు అడిగిన ఆధారం చిత్రం మొదటి పది నిమిషాల్లోనే ఉంది, అయితే అది ఆధారమని మనకు చివరికి గాని తెలియదు. రాత్రివేళ పారిస్ వీధుల్లో ద్రిస్ మాసెరాటీ కారును అతివేగంగా నడపడం, పోలీసులు అడ్డగించడం, ఫిలిప్ మూర్ఛ వచ్చినట్లు నటించడం, వారే దారి చూపుతూ ఆసుపత్రి దాకా తీసుకువెళ్ళడం మీకు గుర్తుండే ఉంటుంది. కథాక్రమంలో ఆ రాత్రి ఎప్పటిదో గమనించండి. అప్పటికి ద్రిస్ కొలువు ముగిసిపోయింది. కష్టాల్లో పడిన తమ్ముడి వరస కుర్రవాడు అతన్ని వెతుక్కుంటూ వచ్చినప్పుడు, జీవితాంతం చక్రాల కుర్చీ తోస్తూ ఉండిపోవడం నీకు తగదని ఫిలిప్ స్వయంగా అతన్ని పంపించేశాడు. ఆ తరువాత వచ్చిన సంరక్షకులు ఎవరితోనూ పొసగక, గడ్డం కూడా గీయించుకోకుండా ఫిలిప్ కుంగిపోతున్నాడని కబురు అందితే ద్రిస్ తిరిగి వచ్చాడు. ఆ రాత్రి అతనికి జీతం లేదు, వచ్చి తీరాలన్న ఒప్పందం లేదు. దర్శకులు ఆ ఘట్టాన్నే తెచ్చి ముందు పెట్టడం యాదృచ్ఛికమని నేను అనుకోను.

ఇక కొలువులో ఉన్న కాలానికి వస్తే, ఫిలిప్ సన్నిహితుడు ఒకరు వచ్చి ద్రిస్ నేరచరిత్ర గురించి హెచ్చరిస్తూ, ద్రిస్ ఉండే శివారు పేటల నుంచి వచ్చే కుర్రాళ్ళకు జాలి అనేది ఉండదని చెప్పే సన్నివేశం ఉంది. తనకు కావలసింది సరిగ్గా అదేనని ఫిలిప్ జవాబు ఇస్తాడు. ఫోను మోగినప్పుడల్లా ద్రిస్ దాన్ని తన చేతికి అందించబోతాడని, తాను చేయి చాపలేనన్న సంగతి అతనికి గుర్తుండకపోవడమే అందుకు కారణమని చెబుతాడు. ఉద్యోగార్హతల పట్టికలో ఇంతకంటే పెద్ద లోపం మరొకటి ఉండదు. కానీ ప్రమాదం తరువాత ఎదురుపడిన ప్రతి మనిషీ ముందు కుర్చీని చూసి, తరువాత తనను చూడడానికి అలవాటుపడిన వ్యక్తికి, కుర్చీని మరచిపోగల మనిషి దొరకడం ఎంత పెద్ద విషయమో ఆలోచించండి. డబ్బు పెడితే శుశ్రూష దొరుకుతుంది గాని ఈ మరపు దొరకదు.

రెండవ జవాబు

పై మిత్రులు చెప్పిన దానితో చాలావరకు ఏకీభవిస్తాను. అయితే ప్రశ్న అడిగినవారి అనుమానం నిరాధారమైనది కాదు. ఈ చిత్రం అమెరికాకు వెళ్ళినప్పుడు, నల్లజాతి యువకుడు సంపన్న శ్వేతజాతీయుల ఇంట్లో సేవకుడిగా చేరి వారికి నవ్వడం, నృత్యం చేయడం నేర్పించే పాత అచ్చులోనే ద్రిస్‌ను పోత పోశారని అక్కడి విమర్శకులు కొందరు గట్టిగానే ఆక్షేపించారు. పుట్టినరోజు సంగీత కచేరీ తరువాత ద్రిస్ తనకు నచ్చిన పాట పెట్టి అందరి చేతా ఆడించే సన్నివేశం చూసినప్పుడు ఆ ఆక్షేపణ నాకు కూడా గుర్తుకు వస్తుంది.

నిజజీవితంలోని వ్యక్తులతో పోల్చి చూస్తే ఈ విషయం ఇంకా స్పష్టమవుతుంది. ఫిలిప్ పాత్రకు మూలం పొమ్మెరీ షాంపేన్ సంస్థలో ఉన్నత పదవిలో పనిచేసిన ఫిలిప్ పొత్సో ది బోర్గో. 1993లో ప్రమాదానికి గురైన ఆయన తన అనుభవాలను 2001లో పుస్తకంగా వెలువరించారు, 2023లో కన్నుమూశారు. ఆయనకు తోడుగా నిలిచిన అబ్దెల్ సెల్లూ అల్జీరియాలో పుట్టినవారు. చిత్రంలో ఆ పాత్ర సెనెగల్ మూలాలున్న యువకుడిగా మారింది. అలాగే అబ్దెల్ పనిలో చేరేనాటికి ఫిలిప్ భార్య బ్రతికే ఉన్నారు, ప్రమాదం జరిగిన మూడేళ్ళకు 1996లో ఆమె మరణించారు. అంటే ఒక మనిషి అంతటి దుఃఖంలో మునుగుతున్న కాలంలో అబ్దెల్ అతని పక్కనే ఉన్నారు. కొద్ది నెలల సరదాగా తెరమీద కనిపించేది వాస్తవంలో ఏళ్ళ తరబడి సాగిన సాహచర్యం. ఆ భాగాన్ని చిత్రం తీసుకొని ఉంటే మీ సందేహానికి తావే ఉండేది కాదని, నవ్వుల కోసం దర్శకులు దాన్ని వదులుకున్నారని నా అభిప్రాయం.

అయినా ఫ్రాన్సులో ఒక కోటి తొంభై లక్షలకు పైగా టిక్కెట్లు తెగిన చిత్రాన్ని కేవలం సరదా చిత్రమని పక్కన పెట్టలేము. 2005లో పారిస్ శివారు క్లిషీ సూ బువాలో ఇద్దరు బాలురు మరణించిన తరువాత వలస కుటుంబాలు నివసించే పేటలు వారాల తరబడి అట్టుడికిపోయాయి. ఆ గాయం ఇంకా పచ్చిగా ఉన్న దేశంలో ఈ చిత్రం విడుదలైంది. పిన్ని గారి ఇరుకు ఇంట్లో ద్రిస్ చిన్న తొట్టిలో ముడుచుకొని స్నానం చేస్తుండగా పిల్లలు లోపలికీ బయటికీ తిరుగుతుంటారు. అదే మనిషి ఫిలిప్ భవనంలో తనకంటూ కేటాయించిన స్నానాల గదిని చూసి నిలబడిపోతాడు. అసమానత గురించి ఉపన్యాసం ఒక్కటి కూడా లేకుండా ఆ రెండు గదులను చూపించడం నాకు ఎంతో నచ్చింది. అన్నట్టు, ఒమర్ సీ స్వయంగా పారిస్ శివారు త్రాప్‌లో పుట్టి పెరిగిన వలస కుటుంబపు బిడ్డ. ఈ పాత్రకు 2012లో ఫ్రెంచి సినిమా పురస్కారమైన సెజార్‌ను ఉత్తమ నటుడిగా అందుకొని, ఆ గౌరవం పొందిన తొలి నల్లజాతి నటుడయ్యాడు.

మూడవ జవాబు

నేను సినిమాల గురించి ఎక్కువ తెలిసినవాడిని కాను. మా అన్నయ్య తాటిచెట్టు మీద నుంచి పడి వెన్నుపాము దెబ్బతిన్నప్పటి నుంచి ఆయన పనులన్నీ ఇంట్లో మేమే చూసుకుంటున్నాము కాబట్టి, ఆ వైపు నుంచి రెండు మాటలు చెప్పాలనిపించింది.

స్పర్శ లేదన్న మాట నిజమేనా అని ద్రిస్ ఫిలిప్ కాలి మీద మరిగే నీళ్ళు పోసి చూసే సన్నివేశానికి హాలులో అందరూ నవ్వుతారు. నేను నవ్వలేకపోయాను. నొప్పి తెలియకపోయినా చర్మం కాలుతుంది, బొబ్బలు లేస్తాయి, అటువంటి పుండు మానడానికి నెలలు పడుతుంది. అంతకంటే ప్రమాదం ఏమిటంటే, ఛాతీ పైభాగంలో గాని మెడలో గాని వెన్నుపాము దెబ్బతిన్నవారికి కింది శరీరంలో గాయమైనా, మూత్రాశయం నిండిపోయినా ఉన్నట్టుండి రక్తపోటు ప్రాణాపాయం కలిగించేంతగా పెరగవచ్చు. తలనొప్పి, ముఖమంతా చెమటలు దాని గుర్తులు. ఈ చిత్రం చూసి ఎవరూ అటువంటి పరీక్ష చేయవద్దని వేడుకుంటున్నాను.

కానీ కొన్ని విషయాలను ఆశ్చర్యపడేంత నిజాయితీగా చూపారు. కాళ్ళలో రక్తం పేరుకోకుండా వేసే బిగుతు మేజోళ్ళు తొడగడానికి ద్రిస్ మొండికేయడం, మలవిసర్జన చేయించే పని మాత్రం నావల్ల కాదని తెగేసి చెప్పడం మా ఇంట్లో కూడా మొదట్లో జరిగినవే. బయటివారు మాట్లాడటానికి ఇబ్బందిపడే ఈ పనులే రోజులో సగాన్ని తినేస్తాయి. రాత్రిపూట కూడా రెండు గంటలకోసారి లేచి ఒత్తిగిలించకపోతే నడుము కింద పుండ్లు పడతాయి. అర్ధరాత్రి ఊపిరాడక వేదనపడుతున్న ఫిలిప్‌ను ద్రిస్ మందులతో సరిపెట్టక సేన్ నది ఒడ్డుకు తీసుకువెళ్ళే దృశ్యం నాకు చిత్రంలో అన్నిటికంటే విలువైనది. స్పర్శ లేని శరీరంలో కూడా మంటలు, పోట్లు పుడతాయి. వాటికి మందు పూర్తిగా పనిచేయదు. అప్పుడు కావలసింది మెలకువగా ఉండే మరో మనిషి.

ప్రశ్న అడిగినవారికి ఒక్క మాట. శరీరానికి సంబంధించిన ఏ మరుగూ లేకుండా ఒకరి ముందు ఉండవలసి వచ్చినప్పుడు, ఆ ఎదుటివాడు చీదరించుకోకుండా, జాలి నటించకుండా, నోరారా వాదనకు దిగుతున్నాడంటే ఆ సంబంధాన్ని జీతం ఒక్కటే నిలబెట్టదు. అయితే ఫిలిప్ ఇంట్లో నర్సు వేరు, కార్యదర్శి వేరు, వంటవారు వేరు. ద్రిస్‌కు కబుర్లు చెప్పే తీరిక అందువల్లనే దొరికింది. ఒంటిచేత్తో అన్నీ చేసుకొనే ఇళ్ళలో స్నేహానికి కావలసిన ఓపిక మిగలడం కష్టం.

ప్రశ్న అడిగినవారు

మీ అందరికీ కృతజ్ఞతలు. మొదటి సన్నివేశం కొలువు ముగిశాక జరిగినదన్న సంగతిని నేను పట్టించుకోనే లేదు. మరి ‘ఊపిరి’లో ఈ స్నేహం ఇంత బలంగా నిలిచిందంటారా?

నాలుగవ జవాబు

వంశీ పైడిపల్లి 2016లో తీసిన ‘ఊపిరి’ మూలాన్ని గౌరవించిన చిత్రమే. విక్రమాదిత్యగా నాగార్జున, శీనుగా కార్తి ఇద్దరూ మనసు పెట్టి చేశారు. మన దగ్గర నిరుద్యోగ భృతి కోసం సంతకం అడిగే పరిస్థితి లేదు కనుక శీనును పెరోల్ మీద ఉన్న ఖైదీగా మార్చి, సత్ప్రవర్తన చూపించుకోవడానికి ఈ కొలువులో చేరినట్లు రాసుకోవడం తెలివైన మార్పు. నాకు తృప్తినివ్వనిది శీను చెల్లెలి పెళ్ళి వ్యవహారం. విక్రమాదిత్య శీను కుటుంబం కోసం అంత చేశాక, శీను చూపే అభిమానంలో కృతజ్ఞత ఎంత, స్నేహం ఎంత అన్నది తేల్చుకోవడం కష్టం. ఫ్రెంచి చిత్రంలో ఫిలిప్ ద్రిస్‌కు అటువంటి మేలేమీ చేయడు. మహా అయితే ద్రిస్ సరదాగా వేసిన బొమ్మను వర్ధమాన చిత్రకారుడి కృతి అని నమ్మించి తన సన్నిహితుడికి వేల యూరోలకు అమ్మి, ఆ డబ్బు అతని చేతికి అందేలా చేస్తాడు. అది దానం కాదు, ఇద్దరూ కలిసి చేసిన అల్లరి.