లిమాలో మూడు రోజులు: ఏ పేటలో తిరగాలి, ఏ బట్ట కొనాలి?

కుట్టుపని_హనుమకొండ:

అందరికీ నమస్కారం. మా వారి ఆఫీసు పని మీద ఆగస్టులో పెరూ రాజధాని లిమాకు వెళ్తున్నాము. ఆయన సమావేశాల్లో ఉండే మూడు రోజులూ నాకు ఖాళీయే. పదకొండేళ్లుగా హనుమకొండలో బొటిక్ నడుపుతున్నాను కాబట్టి మన బట్టలైతే చేత్తో పట్టుకోగానే వాటి తీరు తెలుస్తుంది. పెరూ కొండల్లో పెంచే, ఒంటె జాతికి చెందిన అల్పాకా అనే జీవం ఉన్నిని మాత్రం ఎన్నడూ ముట్టుకోలేదు. కిందటి ఏడాది ఇంకో యాత్రలో స్వచ్ఛమైన ఉన్ని అని నమ్మి కొన్న శాలువా మొదటి ఉతుకుకే ఉండలు కట్టింది. పోగు తీసి కాలిస్తే ప్లాస్టిక్ వాసన వచ్చింది. మళ్లీ అట్లా కావద్దు.

యాత్రికుల కోసం అచ్చువేసిన టీషర్టులు, తాళంచెవి గొలుసులు నాకు అక్కర్లేదు. అక్కడి డిజైనర్లు కుట్టినవి, నేను వరంగల్‌లో నిజంగా తొడుక్కోగలిగేవి మూడు నాలుగు దొరికితే చాలు. ఏ పేటకు వెళ్లాలి? అసలును ఎట్లా గుర్తుపట్టాలి? మన ఎండలకు అల్పాకా పనికి వస్తుందా?

కాజీపేట_జంక్షన్:

అక్కా, నేను రెండేళ్లు లిమాలో ఉండి వచ్చాను. ఒక రోజు పూర్తిగా బర్రాంకో అనే పేటకు కేటాయించండి. ఒకప్పుడు లిమా సంపన్నులు వేసవి గడపడానికి సముద్రం పక్కన, కొండచరియ మీద కట్టుకున్న మేడలు చాలావరకు ఇప్పుడు దుకాణాలుగా, గ్యాలరీలుగా, కాఫీ హోటళ్లుగా మారాయి. సాయెన్స్ పేన్యా వీధిలోని దెదాలోతో మొదలుపెట్టండి. అదీ ఒక పాత మేడే. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పోతూ ఉంటే పెరూ కళాకారులు చేసిన వెండి నగలు, మట్టిపాత్రలు, బట్టలు కనిపిస్తాయి. బర్రాంకోలో పొద్దున్నే వెళ్తే తలుపులు మూసి ఉంటాయి కాబట్టి పదకొండు దాటాక బయలుదేరండి.

పక్కనే ఉన్న మిరాఫ్లోరెస్‌లో రెండు రకాల కొనుగోళ్లు ఉన్నాయి. కొండచరియను తొలిచి కట్టి 1998లో తెరిచిన షాపింగ్ మాల్ లార్కోమార్‌లో ధరలు ఖచ్చితం, బేరం ఉండదు, లేబుల్ మీద ఉన్ని శాతం స్పష్టంగా రాసి ఉంటుంది. పెతీ తువార్స్ వీధి బజార్లలో బేరం ఆడవచ్చు గానీ, అల్పాకా అని పిలిచి అమ్మే వాటిలో అక్రిలిక్ అనే ప్లాస్టిక్ దారం కలిసినవి చాలా ఉంటాయి. నేను అక్కడ చిన్న కానుకలే కొనేదాన్ని.

ఇంకో మాట. భూమధ్యరేఖకు దక్షిణంగా 12 డిగ్రీల దూరంలోనే ఉన్నా, హంబోల్ట్ అనే చల్లని సముద్ర ప్రవాహం వల్ల ఆగస్టులో లిమాకు ఎండ దాదాపు కనిపించదు. 15 నుంచి 19 డిగ్రీల మధ్య, గారువా అనే సన్నని తుంపరతో ఆకాశం రోజంతా బూడిద రంగులో ఉంటుంది. మందపాటి చొక్కా ఒకటి వెంట ఉంచుకోండి.

కొత్తవాడ_మగ్గం:

బిడ్డా, మాది మూడు తరాలుగా జంపఖానాలు నేసిన ఇల్లు. 2018లో మన జంపఖానాలకు భౌగోళిక గుర్తింపు వచ్చిన తరువాత, బట్ట కొనడానికి వచ్చిన ఒక విదేశీయుడు అల్పాకా మఫ్లరు ఒకటి నాకు కానుకగా ఇచ్చి పోయాడు. దాని గురించి చెబుతాను, విను.

అసలు అల్పాకా అరచేతిలో పడగానే చల్లగా, చూపుకు అనిపించిన దానికంటే బరువుగా ఆనుతుంది, నిమిషం గడిచేసరికి వెచ్చబడుతుంది. పిడికిట్లో నలిపి వదిలితే జారుతూ కిందికి వేలాడుతుంది. అక్రిలిక్ తేలికగా ఉండి, రుద్దితే తల వెంట్రుకలను తన వైపు లాగుతుంది. కాల్చినప్పుడు ఉన్ని పోగు వెంట్రుక మాడిన వాసన వేసి, వేళ్ల మధ్య పొడి అవుతుంది. అక్రిలిక్ అయితే కరిగి నల్లని గట్టి పూసలాగా మిగులుతుంది. దుకాణంలో ఎవరూ కాల్చనివ్వరు కదా, అందుకని మొదటి రోజు చిన్న మఫ్లరు కొని, బయట ఒక పోగు కాల్చి చూసుకొని, ఆ నమ్మకంతో పెద్దది కొనుక్కో.

బేబీ అల్పాకా అంటే పిల్ల జీవం ఉన్ని అని చాలామంది అనుకుంటారు, అది పొరపాటు. అది సన్నదనానికి పెట్టిన పేరు. పోగు మందం సుమారు 22 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉంటే ఆ పేరుతో అమ్ముతారు, ఏ వయసు జీవం నుంచి వచ్చినా సరే. అల్పాకాకు దగ్గరి చుట్టమైన విక్యూన్యా పోగు 12, 13 మైక్రాన్లే. అది అడవి జీవం. దాన్ని మందగా తరిమి, ఉన్ని కత్తిరించి, తిరిగి వదిలేస్తారు. అంతర్జాతీయ ఒప్పందం కింద రక్షణ ఉన్నది కాబట్టి వీధి పక్కన చవకగా ఎవరైనా విక్యూన్యా అంటే నమ్మవద్దు, ముట్టవద్దు.

నన్ను అడిగితే మన ఊరికి పిమా పత్తి బట్టలే కొను. అవి వాళ్ల ఉత్తర తీరంలోని పియూరా ప్రాంతపు పంట. ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే మన పత్తి పింజ, అంటే పోగు పొడుగు, 30 మిల్లీమీటర్ల లోపు ఉంటే, పిమా పింజ 35 దాటుతుంది. పింజ పొడుగైతే దారంలో తెగిన కొసలు తక్కువ, అందుకే ఎన్ని ఉతుకులకైనా ఆ బట్ట మీద నూగు లేవదు. ఉన్ని మాత్రం మన దగ్గర పెట్టెలోనే పడి ఉంటుంది.

దుకాణాలకు పోయేముందు మిరాఫ్లోరెస్‌లోని అమానో మ్యూజియం చూడు. యోషితారో అమానో అనే జపాన్ వ్యాపారి 1964లో నెలకొల్పాడు. ఇంకాల కాలానికి ముందున్న చాంకాయ్ నేతగాళ్ల పత్తి జాలి బట్టలు అందులో ఉన్నాయి. వాటి ఫోటోలు చూసిన రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు.

కరీంనగర్_పోరి:

అక్కా, ఉన్ని పెట్టెలోనే పడి ఉంటుందన్న పెద్దాయన మాటతో మాత్రం నేను ఏకీభవించను. డిసెంబరు, జనవరిలో ఆదిలాబాద్ వైపు రాత్రి పది డిగ్రీల లోపుకు పడిపోతుంది, ఏసీ బోగీలో ఏడాది పొడవునా చలే. పలుచని అల్పాకా శాలువా ఒకటి తప్పకుండా తెచ్చుకోండి. గోరువెచ్చని నీటిలో ముంచి, పిండకుండా, హ్యాంగర్‌కు వేలాడదీయకుండా తువాలు మీద పరచి ఆరబెట్టండి. వానాకాలంలో ఎండు వేపాకుతో మడిచి పెట్టండి.

కుట్టుపని చేసేవారు కాబట్టి లిమాలోనే లా విక్తోరియా పేటలో ఉన్న గమర్రా బజారును కూడా గుర్తుంచుకోండి. పెరూ బట్టల వ్యాపారానికి గుండెకాయ అదే. తాన్లకు తాన్లు అక్కడే దొరుకుతాయి. రద్దీలో జేబుదొంగల బెడద ఉంటుంది, అందుకే తెలిసినవారితో కలిసి, పగటిపూటే వెళ్లండి.

కుట్టుపని_హనుమకొండ:

అందరికీ చాలా కృతజ్ఞతలు. మొదటి రోజు అమానో, దాని తరువాత లార్కోమార్‌లో ఒక చిన్న మఫ్లరు, రెండవ రోజు బర్రాంకో అని రాసి పెట్టుకున్నాను. మూడవ రోజు ఎవరైనా తోడు దొరికితేనే గమర్రా. నాకు రెండు పిమా కుర్తీలు, అత్తమ్మకు ఒక శాలువా, అంతకు మించి కొనను. పెద్దనాన్నా, మన జంపఖానా ముక్క ఒకటి వెంట తీసుకుపోయి బర్రాంకోలోని దుకాణాల వాళ్లకు చూపించాలని ఉంది. ఎటువంటిది తీసుకుపోతే బాగుంటుంది?

కొత్తవాడ_మగ్గం:

ఎరుపు, నీలం చారలున్న చేతి వెడల్పు ముక్క ఒకటి మగ్గం నుంచి కోసి పెడతాను, బిడ్డా. అంచు దారాలు ముడివేయకుండా వదిలిపెడతాను, పోగు ఎట్లా పోయిందో వాళ్లకు కనిపిస్తుంది. ఆదివారం పొద్దున వచ్చి తీసుకుపో.