ఓబీ గుట్ట నెర్రెలిచ్చింది, ఎవరికి చెప్పాలి?

నమస్తే అండి. మా ఊరి చివరి ఇళ్లకు కూతవేటు దూరంలో ఓపెన్‌కాస్ట్ గని ఓబీ (ఓవర్‌బర్డెన్, అంటే ఖనిజం పైనుంచి తవ్వి పోసిన మట్టీ రాళ్లూ) గుట్ట ఉంది. మొన్నటి వానలకు పైన నెర్రె పడింది. పది రోజుల కింద వేలు పట్టేది కాదు, ఇప్పుడు అరచెయ్యి నిలువుగా దూరుతోంది. గుట్ట అడుగున బురదనీళ్లు ఊరుతున్నాయి, అక్కడి మట్టి ఉబ్బినట్టుంది. నా టెన్షనంతా ఆ నీళ్ల గురించే. 1966లో వేల్స్‌లోని అబర్‌ఫాన్‌లో ఊట మీద పోసిన గని వ్యర్థాల గుట్టే జారి బడిని ముంచేసింది. 116 మంది పిల్లలతో కలిపి 144 మంది పోయారు.

నెర్రెకు రెండువైపులా మేకులు కొట్టి రోజూ టేపుతో కొలుస్తున్నాను. ఇది సరిపోతుందా, లేక పైకి ఎక్కడమే ప్రమాదమా? డీజీఎంఎస్‌కు (గనుల భద్రత చూసే కేంద్ర సంస్థ) ఫిర్యాదులో ఏమేం రాయాలి? గని సర్వే పని తెలిసినవాళ్లు దయచేసి త్వరగా చెప్పండి. కింది ఇళ్లలో పసిపిల్లలున్నారు.