అమ్మ పేరుతో జరిగిన రాజీ డిక్రీని ఎక్కడ సవాలు చేయాలి?

ప్రశ్న (నాగోల్ నుంచి)

ఇబ్రహీంపట్నం వైపు మా తాతగారికి 3 ఎకరాల 18 గుంటల పట్టా భూమి ఉండేది. ఆయన వీలునామా రాయకుండానే 2009లో కాలం చేశారు. అమ్మమ్మ అంతకుముందే పోయారు కనుక ఇద్దరు మేనమామలు, మా అమ్మ మాత్రమే వారసులు. 2021లో పెద్ద మేనమామ చిన్న మేనమామ మీద పంపకాల దావా వేసి, అమ్మను రెండో ప్రతివాదిగా చేర్చారట. ఈ మధ్య ఈసీ (భూమిపై జరిగిన లావాదేవీలు చూపే ధ్రువపత్రం) తీయిస్తే చిన్న మేనమామ ఒక ఎకరం అమ్మినట్టు కనిపించింది. ఆ దస్తావేజు నకలు చదివితే 2022లోనే రాజీ డిక్రీ (ఉభయులూ రాజీపడ్డారంటూ కోర్టు ఇచ్చే తీర్పు) అయిందనీ, అమ్మ తన వాటా వదులుకుందనీ రాసి ఉంది. అమ్మకు 71 ఏళ్లు. కోర్టు మెట్లెక్కలేదని ఒట్టేసి చెబుతోంది. పాస్‌బుక్ పని ఉందంటూ మామయ్య ఒకసారి ఏవో కాగితాలు తెచ్చారని మాత్రం ఆమెకు గుర్తుంది. ఒక వకీలు కొత్త దావా వేయమంటున్నారు, ఇంకొకరు అప్పీలు అంటున్నారు. ఏది సరైన దారో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు (ఎల్.బి. నగర్ కోర్టుల్లో ప్రాక్టీసు చేసే న్యాయవాది)

మీ అమ్మగారి విషయంలో ఆ రెండూ సరైన దారులు కావు. ముందు ఈ మాట స్పష్టంగా చెప్పాలి, ఎందుకంటే తప్పు దారిలో నాలుగైదేళ్లు గడిచాక వెనక్కి వచ్చినవారిని నేను చాలామందిని చూశాను. రాజీ చట్టసమ్మతం కాదన్న కారణంతో డిక్రీని కొట్టివేయమని వేరే దావా వేయడాన్ని సివిల్ ప్రొసీజర్ కోడ్ 23వ ఆర్డరు 3-ఎ రూలు నిషేధిస్తుంది. ఇది 1976 సవరణతో వచ్చింది. ఉభయుల సమ్మతితో ఇచ్చిన డిక్రీపై అప్పీలు ఉండదని సెక్షన్ 96(3) చెబుతుంది. పుష్పాదేవి భగత్ కేసులో 2006లో సుప్రీంకోర్టు తేల్చింది కూడా ఇదే: రాజీని నమోదు చేసిన కోర్టుకే వెళ్లి, ఆ రాజీ అసలు జరగలేదనో, చెల్లదనో దరఖాస్తు ద్వారా నిరూపించుకోవాలి. మోసంతో తీసుకున్న సమ్మతి కాంట్రాక్టు చట్టం ప్రకారం రద్దు చేయదగినది కనుక, అలాంటి రాజీని చట్టసమ్మతమైనదిగా భావించరాదని 3వ రూలు కింది వివరణలోనే ఉంది.

అయితే అది కోర్టు ఇచ్చిన డిక్రీయా, లోక్ అదాలత్ (కేసులను రాజీతో ముగించే వేదిక) ఇచ్చిన అవార్డా అన్నది ముందు చూడండి. అవార్డు అయితే దారి పూర్తిగా మారుతుంది, హైకోర్టులో రిట్ వేయడం తప్ప మరో మార్గం లేదు. గడువు సంగతి కూడా ఉంది. ఇలాంటి దరఖాస్తుకు సాధారణంగా 3 సంవత్సరాలు లెక్కిస్తారు. మోసం జరిగిన చోట లిమిటేషన్ చట్టం సెక్షన్ 17 ప్రకారం ఆ మోసం బయటపడిన రోజు నుంచి లెక్క మొదలవుతుంది. అందుకని ఈసీ తీసిన తేదీ, దస్తావేజు నకలు చేతికందిన తేదీ తెలిపే రసీదులు పారేయకండి.

జవాబు (వనస్థలిపురం నుంచి)

మా మేనత్త కేసులో ఇలాగే జరిగింది కాబట్టి ఒక్క మాట చెప్పదలిచాను. మేము దరఖాస్తులో 'ఆ వేలిముద్ర ఆమెది కాదు' అనీ, 'మభ్యపెట్టి వేలిముద్ర వేయించుకున్నారు' అనీ రెండూ రాయించాం. క్రాస్ ఎగ్జామినేషన్‌లో అవతలి వకీలు ఆ రెండు వాక్యాలనూ పక్కపక్కన చదివించి, ఈ రెంటిలో ఏది నిజమమ్మా అని అడిగేసరికి అత్తయ్య నోట మాట రాలేదు. చివరికి నెగ్గాం కానీ, ఆ ఒక్క తప్పు వల్ల నలిగిపోయాం. ఎవరు, ఎప్పుడు, ఏమని చెప్పి సంతకం తీసుకున్నారో మీ అమ్మగారిని నిదానంగా కూర్చోబెట్టి అడగండి. ఆమె చెప్పినదాన్నే రాయించండి, దానికి ఎవరూ ఏదీ జోడించకుండా చూడండి.

ప్రశ్న అడిగినవారు

సర్టిఫైడ్ కాపీలు నిన్న అందాయి. అది లోక్ అదాలత్ అవార్డు కాదు, కోర్టు డిక్రీయే. రాజీ మెమో చివరి పేజీలో అమ్మ పేరు పక్కన వేలిముద్ర ఉంది. మా అమ్మ వేలిముద్ర వేయదు. పెద్ద పెద్ద తెలుగు అక్షరాలతో, చివరి అక్షరం కాస్త కిందికి జారేలా సంతకం చేస్తుంది, బ్యాంకు పాస్‌బుక్కులో పదిహేనేళ్లుగా అదే సంతకం ఉంది. ఆ పేజీ చూపించగానే 'ఇది నాది కాదు బిడ్డా' అని, మళ్లీ మళ్లీ కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసింది. ఇంకొక సంగతి ఏమిటంటే, దావాలో లేని 12 గుంటల వేరే సర్వే నంబరు కూడా రాజీలో కలిసింది.

జవాబు (ఎల్.బి. నగర్ న్యాయవాది)

ఆ సర్వే నంబరు సంగతి చాలా ముఖ్యం. దావాలో లేని స్థిరాస్తి రాజీ డిక్రీలోకి వస్తే, కోర్టు డిక్రీకి రిజిస్ట్రేషన్ అక్కర్లేదని రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 17(2)(6) ఇచ్చే మినహాయింపు దానికి వర్తించదు. ఆ 12 గుంటల మేరకు డిక్రీని రిజిస్టరు చేయించారో లేదో చూడండి, చేయించకపోతే దాని ఆధారంగా వారికి ఆ భూమిపై హక్కు రాదు. ఇక మెమో కన్నా ముందు వకాలత్ (వకీలును పెట్టుకున్నట్టు కక్షిదారు సంతకం చేసే పత్రం) నకలు, సమన్లు అందినట్టు రాసిన రిపోర్టు తీయించండి. వకాలత్ మీదా వేలిముద్రే ఉంటే, అమ్మగారి తరఫున హాజరైన వకీలును ఆమె ఎన్నడూ చూడలేదన్న మాటకు బలం వస్తుంది. వేలిముద్రను నిపుణుడికి పంపమని అదే దరఖాస్తుతో పాటు అడగండి. ఎకరం కొన్న వ్యక్తిని కూడా ప్రతివాదిగా చేర్చి, మిగిలిన భూమి అమ్మకుండా మధ్యంతర ఉత్తర్వు కోరండి. అమ్మగారికి మూడో వంతు అంటే ఎకరం ఆరు గుంటలు, అది ఇంకా చేయి దాటిపోలేదు. దరఖాస్తు మాత్రం ఈ నెలలోనే పడాలి.