స్టర్‌కాపీని నిషేధిస్తే హీప్ బాగుపడుతుందా?

బైట్‌బాట:
పేర్లు కాపీ చేసుకునే మా సి ప్రోగ్రాం, హీప్ (ప్రోగ్రాం నడుస్తుండగా అడిగి తీసుకునే మెమరీ) ముక్కని తిరిగిచ్చేసే ఒక ఫ్రీ కాల్ దగ్గర క్రాష్ అవుతోంది. ఆ లైన్‌లో ఏ తప్పూ కనిపించదు. హద్దు చూడకుండా స్ట్రింగ్‌ని (అక్షరాల వరుస) కాపీ చేసే స్టర్‌కాపీ ఉన్న ప్రతిచోటా, ఎన్ని బైట్లో చెప్పి కాపీ చేయించే స్టర్‌ఎన్‌కాపీ పెట్టేస్తే గొడవ వదిలిపోతుందని టీమ్‌లో ఎక్కువమంది అంటున్నారు. నాకు మాత్రం ముందు అడ్రస్ శానిటైజర్‌తో (మెమరీ హద్దు దాటితే పట్టి చెప్పే కంపైలర్ టూల్) బిల్డ్ చేసి, రాత ఎక్కడ హద్దు దాటిందో చూడాలని ఉంది. మీరేమంటారు?

కోడ్‌కాపలా:
మీ టీమ్ చెప్పిందే సరి. టూల్ చూసేది నడిచిన దారిని మాత్రమే. టెస్టులో పొడవైన పేరు ఇవ్వకపోతే శానిటైజర్ నోరు మెదపదు. నిషేధం కోడ్ మొత్తానికీ వర్తిస్తుంది, రివ్యూలో వెతికితే ఇట్టే దొరుకుతుంది.

హీప్‌లోతు:
ఒప్పుకోను. ఇది రోగమొకటైతే మందొకటి వేయడమే. తప్పు సాధారణంగా కాపీలో ఉండదు, సైజు లెక్కలో ఉంటుంది.

మెమరీ అడిగే మాలాక్‌కి స్టర్‌లెన్ విలువే (స్ట్రింగ్ పొడవు) ఇచ్చి, స్ట్రింగ్ ముగిసిందని చెప్పే చివరి సున్నాకి ఒక బైట్ కలపని కోడ్ తీసుకోండి. 64 బిట్ లినక్స్‌లో 10 బైట్లు అడిగినా గ్లిబ్‌సీ (అక్కడి సి లైబ్రరీ) 24 బైట్లు వాడుకోగల ముక్క ఇస్తుంది. 10 బైట్ల పేరుకి ఆ సున్నా ఖాళీ జాగాలో పడుతుంది, ఏమీ కాదు. సరిగ్గా 24 బైట్ల పేరు వచ్చినప్పుడు మాత్రం అది పక్క ముక్క సైజు రాసి ఉన్న చోట పడుతుంది. పక్కది కూడా అంతే ముక్క అయితే అక్కడ హెక్స్‌లో 21 ఉండాలి, అంటే 32 బైట్ల సైజూ, 'ముందున్నది వాడుకలో ఉంది' అని చెప్పే బిట్టూ. అది కాస్తా సున్నా అవుతుంది. ప్రోగ్రాం ఏమీ జరగనట్టు నడుస్తూనే ఉంటుంది. ఎప్పుడో ఆ పక్క ముక్కని ఫ్రీ చేయబోతే సైజు తేడాగా ఉందని గ్లిబ్‌సీ ఆపేస్తుంది. మీరు చూస్తున్న లైన్ అదే కావచ్చు.

ఇక్కడ స్టర్‌ఎన్‌కాపీకి స్టర్‌లెన్ విలువే ఇస్తే చివరి సున్నా అసలు రాయదు. తర్వాత ఆ స్ట్రింగ్‌ని చదివేవాళ్లు హద్దు దాటి చదువుకుంటూ పోతారు.

పొడవైన పేరు కావాలన్న మాట కూడా ఈ తప్పుకి వర్తించదు. శానిటైజర్ మీరు అడిగిన 10 బైట్లనే హద్దుగా పెట్టుకుంటుంది, ఆ దారిలో ఏ పేరు వచ్చినా పట్టేస్తుంది. అర్రే సైజు ముందే బిగించి ఉన్నచోట మాత్రం మీరన్నది నిజం, పొడవైన ఇన్‌పుట్ ఇవ్వాల్సిందే.

కోడ్‌కాపలా:
సరే, స్టర్‌ఎన్‌కాపీని కూడా నిషేధిద్దాం. కొత్త కాపీ కావాలంటే, మెమరీ అడగడం, కాపీ చేయడం రెండూ తానే చేసే స్టర్‌డూప్ వాడమనండి, ఆ ఒక్క బైట్ లెక్క మనిషి చేతిలోనే ఉండదు. ఉన్న బఫర్‌లోకైతే, ఇచ్చిన సైజు దాటకుండా చివరి సున్నా పెట్టే స్టర్‌ఎల్‌కాపీ, అది 2023లో గ్లిబ్‌సీ 2.38తో వచ్చింది కూడా. ఇక మీ శానిటైజర్ సంగతి. ఒకే స్ట్రక్ట్‌లో (కొన్ని ఫీల్డులు కలిపి పెట్టిన డేటా) 16 బైట్ల పేరు, దాని వెనకే ఒక పాయింటర్ (మెమరీ చిరునామా) ఉన్నాయనుకోండి. పేరు పొంగి పాయింటర్ మీద పడినా అది ఒకే మాలాక్ బ్లాక్ లోపలి వ్యవహారం. శానిటైజర్‌కీ కనపడదు, మళ్లీ కంపైల్ చేయకుండానే మెమరీ తప్పులు వెతికే వాల్‌గ్రిండ్‌కీ కనపడదు.

టెస్ట్‌కోట:
స్ట్రక్ట్ విషయంలో కోడ్‌కాపలా గారి మాట కాదనలేం. అక్కడ ఫోర్టిఫై సోర్స్ 2 (కాపీ ఫంక్షన్లకి సైజు తనిఖీ కలిపే కంపైల్ సెట్టింగ్) పెట్టి, ఆప్టిమైజేషన్ ఆన్ చేసి కంపైల్ చేయండి. స్ట్రింగ్ ఫంక్షన్లకి అది మొత్తం బ్లాక్‌ని కాకుండా ఆ ఒక్క ఫీల్డు సైజునే లెక్కలోకి తీసుకుంటుంది. కాకపోతే కంపైలర్‌కి సైజు తెలియాలి.

వేగం సంగతి: శానిటైజర్‌తో సుమారు రెండింతలు నెమ్మది, వాల్‌గ్రిండ్‌తో 20-30 రెట్లు. మళ్లీ కంపైల్ చేసే వీలు లేనప్పుడే నేను వాల్‌గ్రిండ్ జోలికి వెళ్తాను. హీప్ తనిఖీలు ఆన్ చేసే గ్లిబ్‌సీ సొంత మాలాక్ చెక్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ని నమ్ముకునేవాళ్లు ఒకటి గమనించాలి. 2.34 నుంచి దానికి విడిగా డీబగ్ లైబ్రరీని ప్రీలోడ్ చేయాలి (ప్రోగ్రాంకంటే ముందే లోడ్ చేయాలి), లేకపోతే చడీచప్పుడు లేకుండా ఏమీ చేయదు.

బైట్‌బాట:
శానిటైజర్‌తో నడిపించాను. 25 బైట్ల రాత, 24 బైట్ల బ్లాక్ అయిపోయిన చోటే పడింది. హీప్‌లోతు గారు చెప్పిన లెక్కే. మాలాక్ ఒక ఫైల్లో, స్టర్‌కాపీ ఇంకో ఫైల్లో ఉన్నాయి. రిపోర్టులో రెండు లైన్లూ పక్కపక్కనే వచ్చాయి. క్రాష్ అయిన ఫ్రీ మూడో ఫైల్లో ఉంది.

కోడ్‌కాపలా:
దొరికినందుకు సంతోషం. ఆ రెండు లైన్ల బదులు స్టర్‌డూప్ పెట్టండి. శానిటైజర్ బిల్డ్ రోజూ నడవాలన్నది ఒప్పుకుంటాను. స్టర్‌కాపీ నిషేధం మీద మాత్రం నా మాట మారదు.