పెరట్లో తామర కొలను: లోతు, మట్టి, దోమల గురించి

ప్రశ్న (తాంబరం, చెన్నై)
మా పెరట్లో ఎనిమిది అడుగుల పొడవు, ఐదు అడుగుల వెడల్పుతో కొలను కట్టించి తామరలు పెంచాలన్నది మా అమ్మగారి చిరకాల కోరిక. సిమెంటు మేలా, ప్లాస్టిక్ పట్టా మేలా? దోమల బెడద ఎలా తప్పుతుంది? అనుభవజ్ఞులు దయచేసి తెలుపగలరు.

జవాబు (వేళచ్చేరి)
సిమెంటే మేలండీ, ఎండ తగిలే అంచుల్లో పట్టా క్రమంగా పగులుతుంది. లోతు రెండడుగులకు తగ్గితే మే నెల ఎండకు నీరు అడుగు దాకా వేడెక్కుతుంది. అయితే కొత్త సిమెంటులోని సున్నం నీటిలోకి దిగి క్షారగుణాన్ని పెంచుతుంది కనుక, రెండు మూడు వారాల పాటు నీరు నింపి, పారబోసి, మళ్ళీ నింపిన తరువాతే చేపలను వదలాలి. నేను మొదటి వారంలోనే వదిలిన చేపలన్నీ చనిపోయాయి. ఆ బాధ ఇంకా పోలేదు.

జవాబు (అడయార్)
తామరకు రోజుకు కనీసం ఆరు గంటలు నేరుగా ఎండ పడాలి. రంధ్రాలు లేని వెడల్పాటి తొట్టెలో బంకమట్టి నింపి, మొలక విరగకుండా దుంపను అడ్డంగా పెట్టి నీటిలో దించండి. తొట్టె లేకపోతే దుంపలు కొలనంతా అల్లుకుంటాయి. ఎండ నాలుగైదు గంటలే అయితే కలువ నయం. ఆకులు నీటిపై సగం మేర పరచుకుంటే నాచు తగ్గుతుంది. గుర్రపుడెక్కను మాత్రం ఎవరిచ్చినా తీసుకోకండి. దోమల లార్వాలను గప్పీ చేపలు తినేస్తాయి, కానీ వాటిని బయటి చెరువుల్లో వదలకండి.

జవాబు (వేళచ్చేరి)
ఒక మాట మరిచాను. అక్టోబరు నుండి డిసెంబరు దాకా కురిసే వానలకు కొలను పొంగుతుంది కాబట్టి, అంచును నేల కన్నా అరడుగు ఎత్తుగా కట్టించి, వలకట్టిన పొంగు గొట్టం పెట్టించండి.